పది గ్రాముల ఊలు మిగిలితే ఏం అల్లాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ. ఢిల్లీలో ఉన్న మనవలకు ఏటా స్వెట్టర్లు అల్లి పంపుతుంటాను. అలా మిగిలిన ఊలు ఉండలు ట్రంకు పెట్టె నిండా పోగయ్యాయి. ఒక్కోటి పది గ్రాముల నుంచి యాభై గ్రాముల దాకా ఉంటుంది. లేబుళ్లు ఎప్పుడో పోయాయి. పురుగు పట్టకుండా నాఫ్తలీన్ ఉండలు వేసి దాచాను. నిట్, పర్ల్ అనే రెండు మూల కుట్లూ, కుట్లు తగ్గించడమూ వచ్చు. ఒకటి రెండు సాయంత్రాల్లో అయిపోయేవి, మన ఊరి ఉక్కలో కూడా పనికొచ్చేవి ఏం అల్లొచ్చు? అన్ని ముక్కలూ కలిపి దుప్పటి చేయమని కొందరంటున్నారు. మా కోడలి చెల్లెలికి జనవరిలో కాన్పు. ఆ పాపాయికి ఒక టోపీ కూడా అల్లాలని ఉంది.

సమాధానం: అమ్మా, ముందు దుప్పటి సంగతి తేల్చేద్దాం. వద్దు. ముక్క ముక్కకీ దారం కొసలు దాచుకోవాలి, ముక్కలన్నీ కలిపి కుట్టాలి. అల్లడానికి పట్టినంత సమయం ఆ కుట్టుకీ పడుతుంది. వేరు వేరు మందాల ఊలు కలిస్తే ఒక చదరం ముడుచుకుంటుంది, పక్కది వేలాడుతుంది. ఇంతా చేస్తే, అక్రిలిక్ (కృత్రిమ ఊలు) దుప్పటి విశాఖలో ఏడాదికి ఎన్ని రాత్రులు కప్పుకుంటారు?

ఊలు కొద్దిగా ఉన్నప్పుడు డిజైన్ చూసి ఊలు వెతకకూడదు. ఊలు తూచి డిజైన్ ఎంచుకోవాలి. అందుకని వంటింట్లో గ్రాముల్లో చూపించే చిన్న కాటా ఉంటే ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని, ప్రతి ఉండా తూచి, బరువు రాసిన చీటీ ఒకటి గుచ్చండి.

బరువు తరవాత మందం. ప్యాకెట్ల మీద వేసే ప్లై లెక్క, అంటే దారంలో ఎన్ని పోగులు పేనారన్నది, ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, పైగా మీ దగ్గర లేబుళ్లే లేవు. కాబట్టి స్కేలు తీసుకుని, దారాన్ని లాగకుండా, ఒకదాని పక్కన ఒకటి తాకేలా ఒక అంగుళం మేర చుట్టండి. 14 నుంచి 16 చుట్లు పడితే అది సన్నం, 10వ నంబరు సూది. 11, 12 చుట్లు పడితే మధ్యరకం, 8వ నంబరు. 8, 9 చుట్లే పడితే లావు, 6వ నంబరు. మన దుకాణాల్లో దొరికే సూదుల మీద ఎక్కువగా పాత బ్రిటిష్ నంబర్లే ఉంటాయి, వాటిలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది: 10 అంటే 3.25 మి.మీ., 8 అంటే 4 మి.మీ., 6 అంటే 5 మి.మీ. అమెరికా వీడియోల్లో 8వ నంబరు అన్నారంటే అది 5 మి.మీ., అంటే మన 6. వీడియో చూసి అల్లిన టోపీ బొమ్మకే సరిపోయిందని బాధపడేవాళ్లలో చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూసుకోండి.

సన్నం ఊలు రెండు రంగులుంటే, రెండు పోగులూ కలిపి 7వ నంబరు సూదితో, అంటే 4.5 మి.మీ.తో అల్లొచ్చు. పని త్వరగా సాగుతుంది, రంగులు కలిసి చుక్కలు చుక్కలుగా బావుంటాయి.

మూడోది, అది ఏ ఊలు అన్నది. జానెడు పోగు తుంచి, స్టీలు పళ్లెం మీద పట్టకారుతో పట్టుకుని, కొస వెలిగించండి. కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగిలితే అక్రిలిక్. జుట్టు కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే అసలు ఉన్ని. కాగితంలా కాలి మెత్తటి బూడిద అయితే నూలు. ఉన్నీ అక్రిలిక్కూ కలిసిన రకమైతే రెండు లక్షణాలూ కనిపిస్తాయి, దాన్ని అక్రిలిక్ కిందే లెక్కేయండి. ఈ పరీక్ష దేనికంటే, వేడి తగిలే చోట అక్రిలిక్ అసలు వాడకూడదు. పొయ్యి మీంచి గిన్నె దించే గుడ్డ అక్రిలిక్‌తో అల్లితే అది కరిగి చేతికి అంటుకుంటుంది. వేడి గిన్నె కింద పెట్టే మ్యాటుకీ అదే మాట.

ఇక అల్లేవాటికి వద్దాం. ఇక్కడ ఇచ్చిన లెక్కలన్నీ మధ్యరకం ఊలుకి, 8వ నంబరు సూదికి, 10 సెం.మీ.కు 22 కుట్లు పడే చేతికి.

పది గ్రాములుంటే గ్లాసు కింద పెట్టే మ్యాటు. మన ఊళ్లో చల్లటి నీళ్ల గ్లాసు బల్ల మీద పెడితే ఐదు నిమిషాల్లో కింద మడుగు కడుతుంది కదా. 20 కుట్లు ఎక్కించి, ప్రతి వరసా నిట్టే అల్లండి. రెండు వైపులా నిట్ అల్లితే గట్లు గట్లుగా వస్తుంది. ఒక గట్టు అంటే రెండు వరసలు. ఎన్ని కుట్లుంటే అన్ని గట్లు అల్లితే చదరం వస్తుంది, కాబట్టి 20 గట్లు రాగానే ముగించండి. స్కేలు పెట్టక్కర్లేదు. నూలైతే నీళ్లు పీల్చుకుంటుంది. అక్రిలిక్ పెద్దగా పీల్చదు గానీ బల్ల మీద మరక పడకుండా అడ్డుకుంటుంది.

అంత ఊలే ఉండి ఇంట్లో ఆడపిల్లలుంటే జుట్టుకు కట్టుకునే స్క్రంచీ. 12 కుట్లు ఎక్కించి, ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ చొప్పున 28 సెం.మీ. పట్టీ అల్లండి. ఇలా అల్లింది అంచుల దగ్గర లోపలికి చుట్టుకుపోతుంది. మిగతా చోట్ల అది తలనొప్పి, ఇక్కడ మాత్రం అదే కావాలి. మామూలు రబ్బరు బ్యాండు చుట్టూ పట్టీ దానంతటదే ముడుచుకుంటుంది, మీరు అంచులు పట్టుకుని కుట్టేస్తే చాలు. పట్టీ రెండు కొసలూ ముందు కలిపి కుట్టుకుని, తరవాత పొడుగు అంచు కుట్టండి. ఈ వరస తారుమారైతే పట్టీ మెలి పడుతుంది.

పాతిక గ్రాములుంటే చెవులు కప్పే తలపట్టీ. విశాఖలో దాని అవసరం ఉండదు, నిజమే. కానీ డిసెంబరు, జనవరిల్లో అరకు, లంబసింగి వెళ్లేవాళ్లు తెల్లవారుజామున మంచు చూడ్డానికి లేచి, చెవులకు తువ్వాలు చుట్టుకుని తిరుగుతుంటారు. 14 కుట్లు, అన్నీ నిట్ వరసలే, 46 సెం.మీ. పొడుగు. పెద్దవాళ్ల తల 55, 56 సెం.మీ. ఉంటుంది కదా, ఇది చాలదేమో అనిపిస్తుంది. గట్ల అల్లిక పొడుగు వైపు బాగా సాగుతుంది. తల కొలతకే అల్లితే రెండోసారి పెట్టుకునేసరికి మెడలోకి జారుతుంది.

పాతిక నుంచి యాభై గ్రాముల దాకా నూలు ఉంటే మూల నుంచి మూలకు అల్లే తుడుపు గుడ్డ. మిగిలిన ఊలుకు ఇంతకన్నా అనువైన డిజైన్ లేదు. ఎందుకంటే ఎంత ఉంటే అంత పెద్దది వస్తుంది, కొలిచి మొదలుపెట్టే పనే లేదు. 4 కుట్లు ఎక్కించి ఒక వరస నిట్ అల్లండి. ఆపైన ప్రతి వరసా ఒకటే: 2 నిట్, సూది మీద దారం ఒక చుట్టు, మిగతావన్నీ నిట్. వరసకో కుట్టు పెరుగుతూ త్రికోణం వస్తుంది. సగం ఊలు అవడానికి కాస్త ముందు, అంటే 40 గ్రాముల ఉండైతే ఇంకా 22 గ్రాములు మిగిలుండగా, వెనక్కి తిరగండి. ఇప్పుడు ప్రతి వరసా: 1 నిట్, రెండు కలిపి ఒకటి, దారం ఒక చుట్టు, రెండు కలిపి ఒకటి, మిగతావన్నీ నిట్. వరసకో కుట్టు తగ్గుతుంది. 4 కుట్లు మిగలగానే ముగించండి. 40 గ్రాములకు ఇంచుమించు జానెడు చదరం వస్తుంది. అంచు పొడుగునా చిన్న కన్నాలు వరసగా కనిపిస్తాయి. అవి తప్పు కాదు, అలాగే రావాలి.

సరిగ్గా సగం దగ్గర తిరిగితే చివర్లో ఊలు చాలకపోవచ్చు, ముగింపు వరసకూ కొస దాచుకోడానికీ దారం కావాలి కదా. కాటా లేకపోతే ఉండని విప్పి, రెండు కొసలూ కలిపి పట్టుకుని జంట పోగుగా చుట్టుకుంటూ పోండి. మడత వచ్చిన చోటే సగం. అక్కడ ఊడదీయగలిగే ముడి వేసుకుంటే అల్లుతూ అల్లుతూ చేతికి తగులుతుంది.

నూలు ఎర్రది, ముదురు నీలం అయితే ముందు ఒక పోగు తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండి. రంగు దిగితే దాన్ని తెలుపుతో కలపొద్దు. అక్రిలిక్‌తో అంట్లు తోముకునే గుడ్డలు అల్లేవాళ్లున్నారు. జిడ్డు బాగానే వదిలిస్తుంది గానీ, అరిగే కొద్దీ ప్లాస్టిక్ నూగు నీళ్లలో కలుస్తుంది. నేనైతే చెప్పను.

మీ దగ్గర ఆకుపచ్చ ఊలు నలభై గ్రాములు పోగైతే, ఒకే ఛాయ కాకపోయినా, మామిడాకుల తోరణం అల్లండి. ఇందులో ఊలు ముక్కలు కలపాల్సిన బాధ లేదు, ఒక్కో ఆకూ విడిగా అయిపోతుంది. ఆకుకు 3 గ్రాములు, అరగంట లోపు పని. లేత, ముదురు ఛాయలు కలిస్తేనే నిజం ఆకుల్లా ఉంటాయి. సముద్రపు గాలి తగిలే గుమ్మానికి అక్రిలిక్ మంచిది: తేమకు కుళ్లదు, ఎండకు తొందరగా వెలవదు.

ఆకు ఇలా. జానెడు దారం వదిలి 3 కుట్లు ఎక్కించండి. మొదటి వరస: 1 నిట్, దారం చుట్టు, 1 నిట్, దారం చుట్టు, 1 నిట్. 5 కుట్లయ్యాయి. వెనక వరస: నడిమి కుట్టు ఒక్కటీ పర్ల్, దానికి అటూ ఇటూ అన్నీ నిట్. మళ్లీ ముందు వరస: నడిమి కుట్టు దాకా నిట్, దారం చుట్టు, నడిమి కుట్టు నిట్, దారం చుట్టు, చివరిదాకా నిట్. ఇలా ముందు వరసకు రెండేసి పెరిగి 7, 9, 11 అవుతాయి. 11 వచ్చి, వెనక వరస కూడా అయ్యాక, పెంచకుండా తగ్గించకుండా 20 వరసలు అల్లండి. వెనక వరసల్లో నడిమి కుట్టు పర్ల్ అన్నది మరవొద్దు. ఆ తరవాత ముందు వరసకు రెండు కొసల్లోనూ రెండేసి కుట్లు కలిపి అల్లుతూ 9, 7, 5, 3కి దించండి. మూడు మిగిలాక వెనక వరస ఒకటి అల్లి, మూడూ కలిపి ఒకటిగా అల్లి, దారం తెంచి ఆ కన్నంలోంచి లాగేయండి. దాదాపు 9 సెం.మీ. పొడుగు, 5 సెం.మీ. వెడల్పు ఆకు, మధ్యలో ఈనెతో సహా.

వెనక వరసంతా పర్ల్ ఎందుకు వద్దంటే, అలా అల్లితే ఆకు గొట్టంలా చుట్టుకుపోతుంది. ఎంత ఇస్త్రీ చేసినా రెండు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. నడుమ ఒక్కటే పర్ల్ వేసి మిగతా అంతా నిట్ అల్లితే ఆకు చదునుగా నిలబడుతుంది.

90 సెం.మీ. గుమ్మానికి 11 ఆకులు చాలు. తాడుకు 160 సెం.మీ. పోగులు తొమ్మిది తీసుకుని, మూడేసి పోగుల పాయలుగా జడ అల్లితే 120 సెం.మీ. దాకా వస్తుంది. మొదట్లో వదిలిన జానెడు దారంతోనే ఆకును తాడుకు కట్టేయండి. అక్రిలిక్ మీద నేరుగా ఇస్త్రీపెట్టె ఆనిస్తే దాని పొంకం పోయి చచ్చుబడి వేలాడుతుంది, మళ్లీ మామూలు కాదు. ఈ ఆకులకు మాత్రం అది కొంచెం పనికొస్తుంది: తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె ఆనీ ఆనకుండా ఆవిరి పట్టిస్తే ఆకు కాస్త జారినట్టు సహజంగా వేలాడుతుంది. టోపీలకూ తలపట్టీలకూ ఆ పని చేయొద్దు, సాగే గుణం పోతుంది.

ఇప్పుడు పాపాయి టోపీ. అల్లే ముందు మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన మాట గురించి చెప్పాలి. నాఫ్తలీన్‌తో దాచిన ఊలు పుట్టిన బిడ్డకు వాడకండి. జి6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లలుంటారు. బట్టల్లోంచి వచ్చే నాఫ్తలీన్ తగిలితే వాళ్లకు ఎర్ర రక్తకణాలు పగిలిపోయి రక్తం తగ్గుతుంది, కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే తప్ప తెలీదు. ఉతికినా వాసన అంత తేలిగ్గా పోదు. టోపీకి కొత్తగా మెత్తటి బేబీ ఊలు చిన్న ఉండ కొనండి. పూర్ణా మార్కెట్ వైపో, జగదాంబ జంక్షన్ దగ్గరో కుట్టు సామాను అమ్మే దుకాణాల్లో అడగండి. పాత ఊలు తోరణాలకూ మ్యాట్లకూ పెట్టుకోండి, అవైనా ముందు నాలుగు రోజులు గాలికి ఆరబెట్టాక.

టోపీకి 25 గ్రాములు పడుతుంది, 30 ఉంచుకోండి. 66 కుట్లు 7వ నంబరు సూదితో ఎక్కించి, 8వ నంబరుకు మారండి. ఎక్కించిన అంచు బిగుసుకుపోతే మిగతా టోపీ ఎంత సాగినా నుదుటి మీద గీత పడుతుంది. ఒక నిట్, ఒక పర్ల్ చొప్పున 3 సెం.మీ. అల్లండి. తరవాత ఒక వరస నిట్, ఒక వరస పర్ల్‌గా మొత్తం 10 సెం.మీ. వచ్చేదాకా వెళ్లి, పర్ల్ వరసతో ఆపండి. ఇక తల భాగం: 1 నిట్, ఆపైన 6 నిట్, రెండు కలిపి ఒకటి అనేది ఎనిమిది సార్లు, చివర 1 నిట్. 58 కుట్లుంటాయి. ఒక వరస పర్ల్. తరవాతి ముందు వరసలో 6 బదులు 5 నిట్, ఆ తరవాత 4, 3, 2, 1. నడుమ ప్రతిసారీ ఒక పర్ల్ వరస. కుట్లు 50, 42, 34, 26, 18 అవుతాయి. ఈ లెక్క ఎక్కడైనా తప్పితే అక్కడే ఆగి ఆ వరస విప్పండి, ముందుకెళ్లి సర్దుకోడం కుదరదు. 18 వచ్చి, పర్ల్ వరస కూడా అయ్యాక, అన్నీ రెండేసి కలిపి అల్లితే 9 మిగులుతాయి. 40 సెం.మీ. దారం వదిలి తెంచి, లావు సూదితో ఆ తొమ్మిదింటిలోంచి రెండుసార్లు దూర్చి బిగించి, అదే దారంతో పక్క కుట్టేయండి.

అల్లినప్పుడు చుట్టుకొలత 29 సెం.మీ. ఉంటుంది. పుట్టిన బిడ్డ తల 33 నుంచి 35 సెం.మీ. ఉంటుంది, అల్లిక సాగి సరిపోతుంది. బొచ్చు బంతి, గుండీ, రిబ్బను ఏదీ పెట్టొద్దు, ఊడితే నోట్లోకి వెళ్తుంది. జనవరిలోనైనా మన ఊళ్లో ఇంట్లో పడుకోబెట్టినప్పుడు టోపీ తీసేయమని వాళ్లకు చెప్పండి. పసిపిల్లల ఒంట్లో అదనపు వేడి తలలోంచి బాగా పోతుంది, టోపీతో నిద్రపోతే ఒళ్లు వేడెక్కే ప్రమాదం ఉంది. డాక్టరు వేసి ఉంచమంటే అది వేరే సంగతి.

మీరు అడగలేదు గానీ, ఉక్కలో అల్లే చేతులకు రెండు సంగతులు. అరచేయి చెమట పడితే అల్యూమినియం సూది మీద అక్రిలిక్ కీచుమంటూ పట్టేస్తుంది. వెదురు సూదులైతే చేతికి హాయిగా ఉంటాయి. పాత స్టీలు సూదులు ఉప్పుగాలికి తుప్పు పడితే లేతరంగు ఊలు మీద గోధుమరంగు మరక పడుతుంది, అది తేలిగ్గా పోదు. అల్లిక మధ్యలో ఆపి వారం రోజులు సూదుల మీదే వదిలేయాల్సి వస్తే ఒకసారి తుడిచి పెట్టండి.

కుట్లు వాటంతటవే పెరుగుతుంటే కారణం తరచుగా ఇదే: వరస మొదట్లో దారం సూది మీంచి వెనక్కి పోయి మొదటి కుట్టు రెండు కాళ్లుగా కనిపిస్తుంది, రెండింటినీ అల్లేస్తాం. వరస మొదలుపెట్టే ముందు దారం సూది కిందుగా ఉందో లేదో చూసుకోండి.

ఐదు గ్రాముల లోపు ముక్కల్ని ముడివేసి పెద్ద ఉండ చేద్దామని చూడకండి, ముళ్లన్నీ ముందువైపే పొడుచుకొస్తాయి. ఒక డబ్బాలో వేసుకోండి. కుట్లకు గుర్తు పెట్టుకోడానికి, కొత్త డిజైన్ నాలుగు వరసలు వేసి చూసుకోడానికి, పక్క కుట్టుకోడానికి అవి చాలు.